ఇచ్చట మొహాలు బాగుచేయబడును

తెలుగింట బిడ్డ పుట్టిందన్న కబురు ఆసుపత్రి వరండాలోకి రాగానే మూడు ప్రశ్నలు వరసగా లేస్తాయి. ఆడా, మగా? ఎన్ని కేజీలు? రంగెలా ఉంది? తల్లి ఎలా ఉందన్నది నాలుగో ప్రశ్న, ఎవరికైనా గుర్తొస్తే అడుగుతారు. మూడో ప్రశ్నకు నర్సు మాట చెల్లదు. ఆ పనికి ప్రతి వంశంలోనూ ఒక పెద్దావిడ ఉంటుంది. ఆవిడ వచ్చి, పొత్తిగుడ్డ తొలగించి, బిడ్డ చెవి అంచును వెలుగువైపు తిప్పి చూస్తుంది. పుట్టినప్పుడు అందరూ ఎర్రగానే ఉంటారని, అసలు రంగు చెవుల దగ్గర, గోళ్ళ మొదళ్ళ దగ్గర దాక్కుని ఉంటుందని ఆవిడ శాస్త్రం. "ఇప్పుడిలా ఉంది గానీ, మూడో నెలకి నాన్న రంగుకి దిగిపోతుంది" అని తీర్పు చెప్పి, మంచం మీది బాలింత వైపు తిరుగుతుంది. "కుంకుమపువ్వు పాలు సరిగ్గా తాగావా?" విచారణ మొదలు. బిడ్డ ఇంకా కళ్ళు సరిగ్గా తెరవలేదు. తన మొహం ఎలా ఉంటుందో దానికి తెలియదు. కానీ ఆ మొహం మీద మొదటి నివేదిక తయారైపోయింది. నివారణోపాయంగా సెనగపిండి నలుగు కూడా ఖరారైపోయింది.

ఇరవై ఏళ్ళు పోయాక ఈ బిడ్డే ఒక శిక్షణ హాల్లో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంటుంది. వేదిక మీద చెవికి మైకు తగిలించుకున్న సారు చెబుతుంటాడు: సమస్య నీలోనే ఉంది, పరిష్కారం కూడా నీలోనే ఉంది! రెండూ నాలోనే ఉంటే మధ్యలో నీకు ఫీజెందుకయ్యా అని ఎవరూ అడగరు. అడిగేంత ఆత్మవిశ్వాసం ఉన్నవాళ్ళు ఆ హాలుకి రారు గదా.

నిజానికి ఒక మనిషికి తన మీద తనకు చిన్నచూపు కలిగించడం అంత తేలికైన పని కాదు. పుట్టుకతో ఎవరికీ అది ఉండదు. ఏడాది పిల్ల అద్దంలో తనను తాను చూసుకుని మురిసి, ఆ అద్దానికే ముద్దు పెడుతుంది. అలాంటిదాన్ని, ఎవరైనా ఫోను ఎత్తి ఫొటో తీస్తుంటే చున్నీ సర్దుకుని వెనక వరసలోకి జరిగి నిలబడే స్థాయికి తీసుకురావాలంటే ఇంటిల్లిపాదీ ఏళ్ళ తరబడి కష్టపడాలి. పడతారు. బారసాల నాడు బియ్యంలో ఉంగరంతో రాసిన పేరు రేషన్ కార్డుకి పోతుంది. వాడకానికి వేరే పేర్లుంటాయి. నల్లోడు, బండోడు, బక్కోడు, పొట్టిది, పళ్ళోడు, సోడాబుడ్డి. ఇవన్నీ ముద్దుపేర్లే సుమా. బాధపడితే "నువ్వు మరీ సున్నితం" అని ఇంకొక లోపం జాబితాలో చేరుతుంది.

ఇక పెళ్ళిళ్ళలో, ఓణీల ఫంక్షన్లలో మనం చేసుకునేది పలకరింపు కాదు, తనిఖీ. "ఏంటే ఇలా నల్లబడ్డావ్?" "బాగా ఒళ్ళు చేశావే!" "చిక్కి సగమయ్యావేంట్రా, తిండి పెట్టట్లేదా మీ ఆవిడ?" "జుట్టంతా ఏం చేశావ్, తిరుపతి వెళ్ళొచ్చావా?" లావైతే ఒక మాట, సన్నబడితే ఒక మాట. ఏ ఏడాదైనా బరువు, రంగు, జుట్టు మూడూ అదుపులో ఉన్నాయనుకోండి, "ఇంకా సంబంధాలేవీ కుదరట్లేదా" అని నాలుగోది ఉండనే ఉంది. ప్రతి మాటకూ ముందు ఒక రక్షణ కవచం తొడుగుతారు: నీ మంచికే చెప్తున్నా. ఆ మూడు ముక్కలు తగిలించాక ఈ రాష్ట్రాలు రెండింటిలోనూ ఎవరు ఎవర్ని ఏమన్నా కేసు నిలబడదు.

పెళ్ళి సంబంధాల కాగితం చూడండి. మనిషిని కొలిచే విద్య అక్కడ పరాకాష్ఠకి చేరింది. అమ్మాయి బీటెక్, ఫెయిర్, స్లిమ్, 5.4. చదువు ఒక ముక్క, శరీరం మూడు ముక్కలు. నలుపైన అమ్మాయికి కూడా నలుపని రాయరు. అదృష్టం బాగుంటే చామనఛాయ, తండ్రికి ఇంకాస్త స్థలం ఉంటే గోధుమ రంగు, పెళ్ళిళ్ళ పేరయ్య సమర్థుడైతే "ఫొటోలో అలా పడింది గానీ అమ్మాయి పచ్చగా ఉంటుందండీ". అబ్బాయికి ఈ బాధ లేదనుకోకండి. ఆయన జుట్టుకీ జీతానికీ మధ్య మారకపు రేటు ఒకటుంది. డాలర్లలో జీతమొస్తే బట్టతల కనిపించదు. వీసా పోయిందని తెలిసిన మర్నాడు నుదురు మరీ పెద్దదిగా ఉందని అందరికీ ఒకేసారి తోస్తుంది.

చుట్టాలు ఉచితంగా చేస్తున్న ఈ సేవలో వ్యాపారం ఉందని హిందుస్థాన్ లీవర్ వాళ్ళు కనిపెట్టారు. 1975లో ఫెయిర్ అండ్ లవ్‌లీ బజారుకొచ్చింది. ఆ తర్వాత తరాల ఆడపిల్లలు బడికి పోయే ముందు ఆ గులాబీ ట్యూబు నొక్కి, పైన పౌడరు కొట్టి, బూడిద రంగు మొహాలతో బస్సెక్కారు. వాళ్ళ ప్రకటనల్లో అప్పట్లో పేరు మోసింది ఒకటుంది. కాఫీలోకి పాలు కూడా లేని పేదింటి తండ్రి కొడుకైనా లేకపాయెనే అని నిట్టూరుస్తాడు. కూతురు వింటుంది. క్రీము రాస్తుంది. తెల్లబడుతుంది. విమానంలో ఉద్యోగం వస్తుంది. అమ్మానాన్నలను పెద్ద హోటల్లో కాఫీకి తీసుకెళుతుంది. కొడుకు లేని లోటు, కులాసా లేని బతుకు, పాలు లేని కాఫీ, అన్నీ ఒక్క ట్యూబుతో తీరిపోయాయి! ఐద్వా అనే మహిళా సంఘం ఫిర్యాదు చేసింది, గొడవయింది, 2003లో ఆ ప్రకటన ఆగింది. సరిగ్గా ఆ ఏడాదే కంపెనీ ఫెయిర్ అండ్ లవ్‌లీ ఫౌండేషన్ పెట్టి, ఆడపిల్లల చదువులకి స్కాలర్‌షిప్పులు మొదలుపెట్టింది. నల్లగా ఉంటే ఉద్యోగం రాదని చెప్పిన నోటితోనే చదువుకుంటే ఉద్యోగం వస్తుందని చెప్పడానికి గుండె ధైర్యం కావాలి. ఆత్మవిశ్వాసం అంటే ఏమిటో నేర్చుకోవాలంటే ముందు వీళ్ళ దగ్గరే నేర్చుకోవాలి.

అసలు కథ ఇంకా ఉంది. ఈ క్రీము తాలూకు మాతృసంస్థ యూనిలీవర్. డవ్ సబ్బు కూడా వాళ్ళదే. 2004లో అదే యూనిలీవర్ డవ్ పేరు మీద లోకంలోని ఆడవాళ్ళందరికీ ఒక సందేశం పంపింది: మీరు ఎలా ఉంటే అలాగే అందంగా ఉన్నారు, మీ శరీరాన్ని మీరు ప్రేమించుకోండి. ఆడపిల్లల్లో ఆత్మగౌరవం పెంచడానికి బడుల కోసం పాఠాలు కూడా తయారుచేశారు. 2021లో మన దేశంలోనే, పెళ్ళిచూపుల పేరుతో అమ్మాయిల రంగూ బరువూ ఎంచడం ఆపండంటూ ఒక ప్రచారం నడిపారు. ఎడమ చేత్తో ట్యూబు, కుడి చేత్తో సబ్బు. ఒకటి నువ్వు చాలవంటుంది, రెండోది నువ్వు చాలంటుంది. రెండింటి లాభమూ ఒక్క పద్దులోకే పోతుంది. పంక్చర్ షాపువాడు రాత్రిపూట రోడ్డు మీద మేకులు చల్లుతాడని మన లారీ డ్రైవర్లు చెప్పుకునే కథ ఉంది చూశారూ, వాడు పాపం చిల్లర మనిషి. మేకులకి ఒక బ్రాండు, ప్యాచీకి ఒక బ్రాండు పెట్టి రెండింటికీ అవార్డులు తెచ్చుకోవాలని వాడికి తోచలేదు.

2014లో ప్రకటనల ప్రమాణాల మండలి ఒక నియమం పెట్టింది: నల్లగా ఉన్నవాళ్ళను దిగులుగా, పెళ్ళి కానివాళ్ళుగా, ఉద్యోగం రానివాళ్ళుగా చూపకూడదని. కంపెనీలు వెంటనే లోబడ్డాయి. దిగులు తీసేసి కాంతి పెట్టాయి. తర్వాత డబ్బా మీద రంగుల మెట్ల బొమ్మ కూడా పోయింది. 2020 మే నెలలో మినియాపొలిస్‌లో ఒక పోలీసు మోకాలి కింద జార్జ్ ఫ్లాయిడ్ అనే నల్లజాతి మనిషి ఊపిరాడక చనిపోయాడు. లోకం అట్టుడికింది. జులై నాటికి ఫెయిర్ అండ్ లవ్‌లీ కాస్తా గ్లో అండ్ లవ్‌లీ అయింది. అక్కడ ఒక మనిషి ప్రాణం పోతే గానీ ఇక్కడ ఒక ట్యూబు మీద ఒక పదం పోలేదు. పోయిన పదం చోట వచ్చిన పదానికి అర్థం అదేనని కిరాణా కొట్టు అబ్బాయికి కూడా తెలుసు. పాత పేరుతో అడిగినా కొత్త ట్యూబు ఇస్తాడు. అదే ఊపులో షాదీ డాట్ కామ్ వాళ్ళు తమ సైటులో రంగును బట్టి వధూవరులను వడకట్టే మీటను పీకేశారు. మీట పోయింది గానీ ఫొటో ఉందిగా, వడకట్టే పని ఇప్పుడు మనమే చేత్తో చేసుకుంటున్నాం.

మగవాళ్ళ సమానత్వం సంగతి కూడా చెప్పుకోవాలి. 2005లో ఇమామి వాళ్ళు ఫెయిర్ అండ్ హ్యాండ్‌సమ్ తెచ్చారు. అంతకు ముందు మగపిల్లలు అక్క ట్యూబును దొంగతనంగా నొక్కేవాళ్ళు. ఇప్పుడు సొంత ట్యూబు, సొంత న్యూనత. 2020లో లీవర్ తన మగ క్రీముకి గ్లో అండ్ హ్యాండ్‌సమ్ అని పేరు పెట్టబోతే, ఆ పేరు మాదంటే మాదని రెండు కంపెనీలూ కోర్టుకెక్కాయి. మన అబ్బాయిల సిగ్గు మీద ఆస్తి హక్కు ఎవరిదన్నది అంత విలువైన వ్యాజ్యం.

ఈ విషయంలో మన సినిమా గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. అడవి పక్క పల్లెలో పేడకళ్ళు ఎత్తే పిల్ల పాత్ర కావాలంటే ఎక్కడెక్కడి నుంచో తెల్లపిల్లను తెచ్చి, రోజూ గంటసేపు కూర్చోబెట్టి నల్ల రంగు పూస్తారు. నల్లపిల్ల వేషం కూడా నల్లపిల్లకి దక్కదు.

క్రీములు నెమ్మదిగా పనిచేస్తాయని ఓపిక పట్టలేని వాళ్ళ కోసం మందుల షాపు ఉంది. "అన్నా, తెల్లబడే ట్యూబొకటి ఇవ్వు" అంటే చాలు. ఇచ్చేది చాలాసార్లు స్టెరాయిడ్ కలిసిన పూతమందు. వారంలో మొహం మెరుస్తుంది. పక్కింటి అమ్మాయి ట్యూబు పేరు రాసుకుపోతుంది. నెలలు గడిచాక తోలు పలచబడుతుంది, ఎర్రని నరాలు తేలతాయి, మొటిమలు, ఆపైన అవాంఛిత రోమాలు. మానేద్దామంటే మంట. అప్పుడు రాయడానికి ఇంకో ట్యూబు. 2018లోనే కేంద్రం ఇలాంటివి డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని జాబితాలో చేర్చింది. జాబితా ఢిల్లీలో భద్రంగా ఉంది. కాస్త డబ్బున్నవాళ్ళకి జూబ్లీహిల్స్ నుంచి విజయవాడ దాకా క్లినిక్కుల్లో గ్లూటాథయోన్ సెలైన్లు ఎక్కిస్తున్నారు. కాలేయం జబ్బుకి వాడే మందుతో చర్మం తెల్లబరుస్తారట. పెళ్ళి ముందు ప్యాకేజీలో మెహందీ తర్వాత ఇదొక తంతు. 2023లో కేరళలోని మలప్పురం జిల్లాలో మూత్రపిండాలు పాడై కొందరు ఆసుపత్రికి వచ్చారు. కారణమేమిటా అని డాక్టర్లు తవ్వితే, ఊరూ పేరూ సరిగా లేని తెలుపు క్రీములు, వాటిలో పాదరసం బయటపడ్డాయి. మొహం బాగుచేయబోతే కిడ్నీలు పోయాయి. అయినా పెళ్ళిచూపుల్లో కిడ్నీలు ఎవరు అడుగుతారు?

చర్మం అయింది, ఇక బుర్ర. ఇంటర్ పిల్లల కాలేజీల సంగతి. అక్కడ చేరిన రోజే పిల్లల్ని సెక్షన్లుగా కోస్తారు. పైన ఐఐటీ బ్యాచి, కింద మెయిన్స్ బ్యాచి, ఇంకా కింద ఎంసెట్ బ్యాచి. పరీక్ష పేరు ఈఏపీసెట్‌గా మారిందని ప్రభుత్వాలు ఎంత మొత్తుకున్నా, కింది బ్యాచికి పడే చూపు మారలేదు. వారాంతపు పరీక్షలో మార్కు తగ్గితే సోమవారం సెక్షను మారుతుంది, మెస్సులో కలిసి తినే నేస్తం మారతాడు. ఫలితాల రోజు టీవీ పెట్టండి: ఒకటి! ఒకటి! ఒకటి! రెండు! మూడు! అని ఎవరో గుండెలు బాదుకుంటున్నట్టు అరుస్తుంటారు. ఆ అరుపులో పేరు లేని లక్షల మంది పిల్లలు అదే టీవీ ముందు, అమ్మానాన్నల మధ్యన, అన్నం కంచం ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంటారు.

2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాలు వచ్చాయి. తప్పుల తడకగా వచ్చాయి. తెలుగు పేపరులో సున్నా పడిన ఒక అమ్మాయికి మళ్ళీ చూస్తే 99 వచ్చాయి. అది తేలే లోపు, ఆ తర్వాత రోజుల్లో, 20 మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. ఇక్కడ నాకు వ్యంగ్యం రావడం లేదు. ఒక సంఖ్య తప్పు పడితే ఆ తప్పు తనదే అయి ఉంటుందని నమ్మేలా ఒక పిల్లని పదిహేడేళ్ళు పెంచాం. అంతే.

ఏడాదంతా ఇలా చెక్కిన తర్వాత, పరీక్షల ముందు అదే కాలేజీ, అదే ఆడిటోరియంలో ఒక మోటివేషన్ క్లాసు పెడుతుంది. "నీలో ఒక సింహం ఉంది!" అంటాడు వచ్చినాయన. ఉండొచ్చు. సింహాన్ని పొద్దున అయిదింటికి లేపి, రాత్రి పదకొండు దాకా స్టడీ అవర్‌లో కూర్చోబెట్టి, ఇంటికి ఫోను చేసుకోవడానికి వారానికొకసారి వరసలో నిలబెట్టారు. ఈ వ్యక్తిత్వ వికాసం వారి దుకాణంలో సరుకు చాలా ఉంది, కాస్త ఆగి చూడాలి.

మొదటి సరుకు నిప్పుల నడక. నగర శివారు రిసార్టులో రెండు రోజుల శిబిరం, ఫీజు వేలల్లో, మీద పద్దెనిమిది శాతం జీఎస్టీ. చివరి రోజు రాత్రి నిప్పుల మీద నడిపిస్తారు. భయం పోయిందని అందరూ కౌగిలించుకుని ఏడుస్తారు. మన ఊళ్ళలో అమ్మవారి జాతరకి, పీర్ల పండక్కి ఉపవాసమున్న మామూలు మనుషులు ఎన్ని తరాలుగానో ఈ గుండం తొక్కుతున్నారు. వాళ్ళకెవరూ సర్టిఫికెట్ ఇవ్వలేదు. బూడిద పట్టిన బొగ్గు వేడిని నెమ్మదిగా అందిస్తుంది, పాదం దాని మీద ఆగేది క్షణమే, అందుకే కాలదు. అది బొగ్గు గొప్పతనం. ఆ సంగతి చెబితే ఫీజు వెనక్కివ్వాల్సి వస్తుందని చెప్పరు. ఇంతా చేసి నిప్పులకి భయపడని ఆ ఉద్యోగి సోమవారం మాదాపూర్‌లో మేనేజరు క్యాబిన్ ముందు సెలవు చీటీ పట్టుకుని చెమటలు కక్కుతుంటాడు.

రెండోది అద్దం మంత్రం. పొద్దున్నే అద్దం ముందు నిలబడి, నేను అందంగా ఉన్నాను, నేను విజేతను అని జపించడం. దీని ఆదిగురువుల్లో ఎమిల్ కువే అనే ఫ్రెంచి ఆయన ఒకడు. నాన్సీ పట్నంలో పనిచేసి 1920లలో లోకాన్ని ఊపేశాడు. రోజురోజుకీ బాగుపడుతున్నానని రోగి తనకు తానే చెప్పుకోవాలన్నాడు. ఆయన వృత్తి ఏమిటనుకున్నారు? మందుల షాపు! ఈ కథ ఎక్కడ తిరిగినా ఆ కౌంటరు దగ్గరకే చేరుతుంది. 2009లో కెనడాలో జోయాన్ వుడ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త బృందం ఈ జపాన్ని పరీక్షకి పెట్టింది. నేను ప్రేమించదగిన మనిషిని అని గంట మోగినప్పుడల్లా అనుకోమన్నారు. ఆత్మగౌరవం ముందే దండిగా ఉన్నవాళ్ళకి కొద్దిగా హాయిగా అనిపించింది. తక్కువ ఉన్నవాళ్ళకి, అంటే ఈ మందు ఎవరి కోసం అమ్ముతున్నారో వాళ్ళకి, ముందుకన్నా దిగులు ఎక్కువైంది. నోరు ఒకటి అంటుంటే లోపలి గొంతు "అబద్ధం" అంటుంది మరి. ఆ లోపలి గొంతుకి ఇంట్లోవాళ్ళు ఇరవై ఏళ్ళ శిక్షణ ఇచ్చారు. దాన్ని నాలుగు నిమిషాల జపం ఏం చేస్తుంది?

మూడోది ఇరవై ఒక్క రోజుల దీక్ష. ఇరవై ఒక్క రోజుల్లో కొత్త నువ్వు! మండల దీక్షకే నలభై ఒక్క రోజులు పడుతుంది మనకి. స్వామిమాల వేసుకున్నవాడికి కూడా ఇంత హామీ ఎవరూ ఇవ్వలేదు. ఈ లెక్క మాక్స్‌వెల్ మాల్ట్జ్ అనే న్యూయార్క్ ప్లాస్టిక్ సర్జన్ నుంచి వచ్చింది. శస్త్రచికిత్సతో ముక్కు మారిన మనిషి కొత్త మొహానికి అలవాటు పడటానికి కనీసం ఇరవై ఒక్క రోజులు పడుతోందని 1960లో ఆయన రాశాడు. "కనీసం" అన్న మాట దారిలో ఎక్కడో జారిపోయింది. తర్వాత లండన్‌లో ఫిలిప్పా లాలీ బృందం కొలిచి చూస్తే ఒక అలవాటు కుదురుకోవడానికి సగటున 66 రోజులు, మనిషిని బట్టి 18 నుంచి 254 దాకా పట్టింది. 254 రోజుల కోర్సుకి ఎవరు చేరతారు? కాబట్టి ఇరవై ఒకటే సైన్సు. మాల్ట్జ్ చూసిన ఇంకో సంగతిని మాత్రం వీళ్ళెవరూ ఎత్తరు. ముక్కు బ్రహ్మాండంగా కుదిరినా కొందరు రోగులు అద్దంలో పాత ముక్కునే చూసుకుంటూ ఏడుస్తున్నారని ఆయన గమనించాడు. కత్తి పట్టుకున్నవాడే కత్తితో పోని వంకర ఒకటుందని ఒప్పుకున్నాడు. మన క్లినిక్కుల గోడల మీద ఆ వాక్యం పెట్టించండి చూద్దాం.

ప్రభుత్వమే పూనుకుంటే? ఆ ముచ్చటా తీరింది. 1986లో కాలిఫోర్నియాలో జాన్ వాస్కోన్సెలోస్ అనే శాసనసభ్యుడి పట్టుదలతో ఆత్మగౌరవ వృద్ధికి ఒక కార్యదళం వేశారు. మూడేళ్ళకి 7,35,000 డాలర్లు. ఆత్మగౌరవం పెరిగితే నేరాలు తగ్గుతాయి, మత్తుమందులు తగ్గుతాయి, జనం ఎక్కువ సంపాదించి ఎక్కువ పన్ను కడతారు, బడ్జెట్ లోటు కూడా పూడుతుందని లెక్క. పండితుల చేత పరిశీలన చేయిస్తే, అనుకున్న సంబంధాలు చాలా బలహీనంగా తేలాయి. అయినా 1990లో నివేదిక అట్టహాసంగా వచ్చింది, బడుల్లో ఆత్మగౌరవ పాఠాలు ఊరూరా పాకాయి. 2003లో రాయ్ బామైస్టర్ బృందం పాత పరిశోధనలన్నీ తిరగేసి చెప్పింది: తన మీద తనకి గొప్ప అభిప్రాయం ఉన్నంత మాత్రాన మార్కులూ రావు, పనితనమూ రాదు, తరచుగా పని బాగా చేయడం వల్లే ఆ అభిప్రాయం వస్తుంది. మన ఊరి వడ్రంగికి ఈ సంగతి డాలర్లు ఖర్చు లేకుండా తెలుసు. తలుపు చక్కగా కూర్చుని, గడియ సాఫీగా పడిన రోజు ఆయన అద్దం చూసుకోడు.

ఫోను గురించి రెండే ముక్కలు. ఫేస్‌బుక్ కంపెనీ సొంత పరిశోధన ఒకటి 2021లో బయటపడింది: తమ శరీరం గురించి దిగులుపడే టీనేజి అమ్మాయిల్లో 32 శాతం మంది, ఇన్‌స్టాగ్రామ్ ఆ దిగులును ఇంకా పెంచుతోందన్నారు. కంపెనీ ఆ సంగతి తెలిసీ లోపల దాచుకుంది. మన చుట్టాలు అలా దాచుకోరు, మొహం మీదే అంటారు. ఆ మేరకు నయం.

మరి దారేమీ లేదా అంటే, ఉంది. అది అమ్మకానికి అంత అనువైన సరుకు కాదు గనక హోర్డింగుల మీద కనిపించదు. ఆరన్ బెక్ అనే ఫిలడెల్ఫియా మానసిక వైద్యుడు 1960లలో ఒక పద్ధతి మొదలుపెట్టాడు. "నేను ఎందుకూ పనికిరాను" అన్న ఆలోచన వచ్చినప్పుడు దానికి ఎదురు జపం చేయమనలేదు. దాన్ని కాగితం మీద పెట్టి సాక్ష్యం అడగమన్నాడు. ఎందుకూ అంటే ఎందుకు? ఎప్పుడు తేలింది? ఎవరు తేల్చారు? తెలుగువాళ్ళం ఈ విచారణ నిజాయితీగా చేస్తే చాలా కేసుల్లో సాక్షి ఒక్కతే దొరుకుతుంది, ఆవిడ మేనత్త. కూడా కూర్చుని ఈ పని చేయించడానికి చదువుకున్న మనిషి కావాలి. అక్కడ మనకి ఇంకో చిక్కు. 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే చూస్తే, ఇలాంటి బాధలున్నవాళ్ళలో అత్యధికులు వైద్యం గుమ్మమే తొక్కడం లేదు. తొక్కుతారా? వైద్యం దొరికే చోట్లనే మనం తిట్లు చేసి పెట్టుకున్నాం. తెలంగాణలో "వీణ్ణి ఎర్రగడ్డలో చేర్పించాలి", విశాఖలో "వీడికి చినవాల్తేరే దిక్కు". గుండె జబ్బుకి నిమ్స్ పేరు ఎవరూ తిట్టుగా వాడరు. 2022 అక్టోబరు నుంచి టెలిమానస్ అని ప్రభుత్వ ఫోను సేవ ఉంది. 14416కి చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, పైసా తీసుకోరు. పైసా తీసుకోరు గనకే కాబోలు, దాని గురించి ఏ హీరో ప్రకటన చేయడు.

ఇదంతా మనిషి తనను తాను బాగుచేసుకునే వైపు. మేకులు చల్లేవాళ్ళ వైపు నుంచి కూడా ఏదైనా చేయాలి కదా. నాదొక ప్రతిపాదన. మన పెళ్ళిళ్ళలో చదివింపుల బల్ల ఒకటి ఉంటుంది. నోటుపుస్తకం, పెన్ను, ఉక్కు డబ్బా, మైకు పట్టుకున్న ఒక బావగారు. దాని పక్కనే ఇంకొక బల్ల వేయించాలి. రేట్లు పైన రాసి ఉంచాలి. రంగు మీద మాట: అయిదు వందల పదహార్లు. ఒంటి బరువు మీద: వెయ్యి నూట పదహార్లు. బట్టతల: నూట పదహార్లే, మగవాళ్ళ బాధకి మనం మొదటినుంచీ తక్కువే కడుతున్నాం. ఇంకా పిల్లల్లేరా అంటే అయిదు వేల నూట పదహార్లు, యూపీఐ చెల్లదు, నగదే. ముందు "నీ మంచికే చెప్తున్నా" అని తగిలిస్తే రెట్టింపు. వసూలైన సొమ్ము అక్కడికక్కడే బాధితుల చేతికి. మైకులో చదివింపు మాత్రం తప్పనిసరి:

"కాకినాడ నుంచి విచ్చేసిన పెళ్ళికూతురి మేనత్త గారు, మేకప్ తీస్తే ఎలా ఉంటుందోనన్న సందర్భంలో, అయిదు వందల పదహార్లు! నల్లగొండ పెదనాన్న గారు, పెళ్ళికొడుకు నెత్తి మీద రెండు మాటలు, రెండు వందల ముప్పై రెండు! మేనత్త గారు మళ్ళీ వచ్చారండీ... తోడిపెళ్ళికూతురి నడుము విషయమై వెయ్యి నూట పదహార్లు, ఆ పైన వచ్చే శ్రావణంలో జరగబోయే రెండో అమ్మాయి పెళ్ళి తాలూకు అడ్వాన్సు కూడా ఇప్పుడే కట్టేశారు!"